లెక్క ప్రకారం ఇంకా పుట్టని మేనల్లుడు

గడియారాల కొట్టు పైన, మా గది.
మధ్యాహ్నం, వాడు పడుకున్న సందులో.

వదినా,

ఇక్కడ మీ తమ్ముడు క్షేమం, నేను క్షేమం. మూడోవాడి క్షేమం వీధి చివరిదాకా వినపడుతూనే ఉంది కాబట్టి వేరే రాయక్కర్లేదు. అక్కడ మీరూ, మీ హాస్టల్ ఆడపిల్లలూ కులాసా అనుకుంటాను.

మీ మేనల్లుడు ఇంటికొచ్చేశాడు! ఆస్పత్రివాళ్ళు అద్దాల పెట్టెలోంచి తీసి, బరువు చూసి, ఇక మీ తిప్పలు మీరు పడండన్నట్టు మా చేతుల్లో పెట్టారు. ఎంతున్నాడనుకున్నారు? అరికాలు నా సూదుల డబ్బా మూతలో పడుతుంది. నేను ముందుగా కుట్టి పెట్టుకున్న చొక్కాలు వాడికి గుడారాల్లా ఉన్నాయి. ఒకదాన్ని విప్పి మూడు చేశాను. అందుకే వాడికి చిటికెడుగాడని పేరు పెట్టాం. గొంతు మాత్రం చిటికెడు కాదు, గంపెడు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటున్నారు కదూ? ఫోన్ మోగితే వీడు లేస్తాడు. వీడు లేస్తే మళ్ళీ పడుకోబెట్టడానికి మేమిద్దరం చాలం. అందుకని ఫోన్‌ని దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టేశాం. ఇకనుంచి మన కబుర్లన్నీ కాగితం మీదే.

ఇప్పుడు మీ తమ్ముడి వైభోగం వినండి. వీడు నెలన్నర ముందు ఊడిపడ్డాడు కదా, అది ఆయనకి మింగుడుపడటం లేదు. తేదీ కూడా చూపించే పాత గోడ గడియారం ఒకటి సంపాదించి, వీడు పుట్టే క్షణాన నడిపిద్దామని కలలు కంటూ కూర్చున్నారు. తీరా నాకు నొప్పులు మొదలైన క్షణానికి ఆ గడియారం విడి భాగాలుగా బల్ల మీద పరిచి ఉంది. ఆయన చేతిలో నూనె సీసా ఉంది. నేను పైనుంచి పెట్టిన కేకకి ఒక చక్రం ఎగిరి ఎటు పోయిందో ఇప్పటికీ దొరకలేదు, వేరేది వేశారు.

సరే, ఇంటికొచ్చాక ఆ గడియారం బిగించి, డాక్టర్లు మొదట చెప్పిన కాన్పు తేదీ మీద పెట్టి, నడిపించకుండా ఉయ్యాల పైన తగిలించారు. "ఆ రోజు వస్తుంది, అప్పుడు నడిపిస్తా. వాడి వయసు అప్పట్నుంచే. ఈలోగా వాడు లెక్క ప్రకారం ఇంకా పుట్టలేదు" అని తీర్మానం. తమాషాకే అనుకోండి. కానీ కింద కొట్లో ఎవరైనా "మగపిల్లాడట కదా?" అని అడిగితే, "పుట్టాక చెప్తానండీ" అంటున్నారు. ఆ మాట అంటుండగానే పైనుంచి వీడు రాగం అందుకుంటాడు. వచ్చినవాళ్ళు పైకప్పు వంక, ఆయన వంక మార్చి మార్చి చూసి గడియారం తీసుకుని వెళ్ళిపోతున్నారు.

ఈ లెక్కలో ఒక సుఖం ఉంది. ఆస్పత్రినుంచి పంపేముందు, పుట్టగానే వెయ్యాల్సిన టీకాలు వేసేశారు. తర్వాతవి ఆరు వారాలకి, రెండు తొడలకీ సూదులట. ఆరు వారాలు ఎప్పట్నుంచి? మీ తమ్ముడి గడియారం నడిచినప్పట్నుంచి! కాబట్టి ఇంకా బోలెడంత వ్యవధి ఉంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో నేను వాదించడం ఎందుకని ఊరుకున్నాను.

లేచాడు. ఉంటాను. మీరు ఎప్పుడొస్తారో రాయండి.

మీ మరదలు

*

హాస్టల్, వార్డెన్ గది.
కిటికీ అవతల బట్టల తీగలు, తీగల మీద మేజోళ్ళు.

మరదలు పిల్లా,

నీ ఉత్తరం భోజనాల హాల్లో విప్పడం నాదే తప్పు. నేను ఒక్కదాన్నే నవ్వుతుంటే పిల్లలు ఊరుకుంటారా? పైకి చదవమన్నారు. చక్రం ఎగిరిన చోట ఒకమ్మాయికి మంచినీళ్ళు ముక్కులోకి పోయాయి. "పుట్టాక చెప్తానండీ" దగ్గర వంటావిడ గరిటె వదిలేసింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని విన్నాం గానీ, ఆలు ఉంది, కొడుకు ఉన్నాడు, పుట్టడం ఒక్కటే తక్కువ అనడం మా గంటలయ్యకే చెల్లింది.

వాడు ఇవాళ కొత్తగా ఇలా తయారయ్యాడనుకోకు. చిన్నప్పుడు మా ఇంట్లో గోడ గడియారం పన్నెండు దగ్గర ఆగిపోతే, ఒంటిగంట కాలేదని సాయంత్రందాకా అన్నం ముట్టలేదు. ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి, అయినా సరే గడియారమే నిజం, కడుపు అబద్ధం. చివరికి నేనే కుర్చీ ఎక్కి ముల్లు తిప్పాను. అప్పుడు ఎంత తిన్నాడో చెబితే నీ పరువు పోతుంది.

వచ్చేవారం నాకు సెలవు దొరికింది. పుట్టినా సరే, పుట్టకపోయినా సరే, వచ్చి వాడి మెడ ఒంపులో ముఖం పెట్టి వాసన చూడందే నాకు నిద్రపట్టదు. పిల్లలు వాడికోసం మేజోళ్ళు అల్లుతున్నారు. కొలత ఎంతో చెప్పమంటే సూదుల డబ్బా మూత అన్నాను. ఎవరి డబ్బా వాళ్ళు చూసుకున్నట్టున్నారు. ఒకటి పిల్లి పాదానికి పడుతుంది, ఇంకోటి నేను టోపీగా పెట్టుకోవచ్చు. అన్నీ తెస్తాను.

ఇక్కడ ఈ వారం అంతా దగ్గుల కచేరీ. ఒక గదిలో ఆగితే ఇంకో గదిలో మొదలు. కషాయాలు కాచి కాచి నా చీర కొంగంతా మిరియాల వాసన.

అవునూ, సూదుల సంగతి డాక్టర్ని అడిగారా, లేక మీ ఇంట్లో డాక్టరు కూడా ఆ గడియారమేనా?

మీ వదిన

*

గడియారాల కొట్టు పైన.
పొద్దున్నే, మిషన్ మీద కాగితం పెట్టి.

వదినా,

మీరొస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ ఇంట్లో హడావుడి చూడాలి! మీకోసం కిటికీ పక్క మంచం సర్దాను. కొత్త దిండు గలీబు కుట్టాను. కుడుతున్నంతసేపూ మీతో చెప్పాల్సిన కబుర్లు వరసలో పెట్టుకుంటుంటే, చివరికి గలీబు నాలుగు వైపులా కుట్టేశానని తెలిసింది. దిండు దూరే దారి లేదు. మీ తమ్ముడు దాన్ని కింద కొట్లో పెట్టి, ఇది మా ఆవిడ కొత్త రకం అని వచ్చినవాళ్ళకి చూపిస్తున్నారు.

చిటికెడుగాడికి నిన్న మొదటిసారి తుమ్ము వచ్చింది. కింద నుంచి ఆయన, వంటింట్లోంచి నేను పరుగెత్తుకొచ్చి ఉయ్యాల దగ్గర తలలు ఢీకొట్టుకున్నాం. వాడు మాత్రం తుమ్మింది తను కానట్టు మా ఇద్దరి వంకా చూశాడు. ఎక్కిళ్ళు వచ్చాయంటే కింద గడియారాలన్నిటితో పోటీ. "మన వాడు సరిగ్గా సెకనుకొకటి పెడుతున్నాడోయ్!" అని మీ తమ్ముడు మురిసి ముక్కలవుతున్నారు. కాకి పిల్ల కాకికి ముద్దు, గంటలయ్య పిల్లాడు గంటలయ్యకి ముద్దు.

డాక్టర్ని అడిగారా అన్నారు. లేదు. అడగడానికేముంది, మీ తమ్ముడు వింటేగా? ఆయన లెక్క ఆయనది.

అయినా వదినా, ఒక మాట. వాడి తొడ మీరింకా చూడలేదు. దానికంటే నా బొటనవేలే నయం, కాస్త లావు. రోజంతా సూదితో బతికేదాన్ని నేను. ఎన్నిసార్లు వేలికి గుచ్చుకుందో లెక్కే లేదు, నోట్లో పెట్టుకుని మళ్ళీ కుట్టుకుంటాను. కానీ ఆ తొడా, ఆ సూదీ తలుచుకుంటే మిషన్ తొక్కే కాలు తొక్కుతూ తొక్కుతూనే ఆగిపోతోంది. అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు వాడి ఒంటి నిండా గొట్టాలేనాయె. ఇంకాస్త ఒళ్ళు చేస్తే బాగుండునని ఉంటుంది కదా ఎవరికైనా?

మీరు వచ్చాక మీ తమ్ముడికి నచ్చజెప్పండి. లేకపోతే వద్దులెండి, చెప్పకండి. వచ్చినప్పుడు చూద్దాం. త్వరగా రండి!

మీ మరదలు

*

హాస్టల్.

మరదలు పిల్లా,

ఈ వారం రాలేను. ఇక్కడ గోడలకి రంగులు వేయిస్తున్నారు, నేను లేకపోతే పిల్లల మంచాలకి కూడా వేసేస్తారు. పైగా నీళ్ళ పంపు చెడిపోయింది. పైగా నా కాలు బెణికింది, అడుగు తీసి అడుగు వెయ్యలేను. మొన్న నిచ్చెనెక్కి రంగు సరిగ్గా పడిందో లేదో చూసినప్పుడు కూడా నొప్పిగానే ఉంది. మేజోళ్ళు కూడా ఇప్పుడు పంపను, నేను వచ్చినప్పుడు ఉతికి తెస్తాను.

చిటికెడుగాణ్ణి చూడటానికి వచ్చినవాళ్ళందరికీ ఎత్తుకోమని ఇవ్వకు. దగ్గేవాళ్ళని గుమ్మం కూడా ఎక్కనివ్వకు.

ఇంకేం లేదు.

వదిన

*

గడియారాల కొట్టు పైన.
వర్షం, కిటికీ మూసి.

వదినా,

మీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. అడుగు తీసి అడుగు వెయ్యలేని మనిషి నిచ్చెన ఎలా ఎక్కిందో నాకు బోధపడలేదు. పంపు చెడితే వార్డెన్ బావిలో దిగుతుందా? మూడు కారణాలు రాశారంటే అందులో ఒక్కటీ నిజం కాదని పసిపిల్లాడికైనా తెలుస్తుంది, మా ఇంట్లో వాడు ఇంకా పుట్టలేదు కాబట్టి సరిపోయింది గానీ.

నామీద కోపం వచ్చిందా? దిండు గలీబు విప్పి మళ్ళీ కుట్టాను. కిటికీ పక్క మంచం మీద ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. మీరు రాకపోతే మాకు ఇంకెవరున్నారు చెప్పండి? మా అమ్మ వైపు ఎవరూ లేరని మీకు తెలుసు. వీడికి ఒళ్ళో పడుకోబెట్టుకునే పెద్దదిక్కు ఒకరు ఉన్నారని, ఆ ఒక్కరూ మీరేనని వాడితో రోజూ చెబుతున్నాను. ఇప్పుడు వాడు అడిగితే ఏమని చెప్పను? మీ అత్త రంగులు చూసుకుంటోందని చెప్పనా?

ఏడుపొస్తోంది. నవ్వూ వస్తోంది, ఆ నిచ్చెన తలుచుకుంటే. ఇంతకంటే రాయలేను.

మీ మరదలు

అక్కా, ఇది నేను, నీ తమ్ముణ్ణి. కవరు అంటించమని నాకిచ్చి ఆవిడ పాలు పట్టడానికి వెళ్ళింది. ఒక్క మాట. గడియారం ఆపి తగిలించింది నేనే, నవ్వుకోవడానికి. టీకాల లెక్క దాన్నుంచి వెయ్యమన్నది మాత్రం నేను కాదు. ఆవిడ ఆ పిల్లాడి తొడ పట్టుకుని కూర్చుని, "మీ గడియారం ప్రకారమే వేయిద్దామండీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సరేనన్నాను. నాకూ భయమే. ఇప్పుడు ఆ లెక్క ఎలా మార్చాలో తెలియడం లేదు. మోగే గడియారం ముల్లు వెనక్కి తిప్పితే లోపల చక్రాల పళ్ళు విరుగుతాయక్కా. నేను రాశానని చెప్పకు.

*

హాస్టల్, జబ్బు గది.
గోడ వైపు మంచం.

నా పిచ్చి తల్లీ,

రంగుల్లేవు. పంపు బంగారంలా ఉంది. కాలు కూడా. అబద్ధమాడటం నాకు చాతకాదని నా తమ్ముడికి తెలుసు, నీకు ఇప్పుడు తెలిసింది.

ఆ రోజు సంచి సర్దుకుని బస్సెక్కాను. మేజోళ్ళ మూట ఒళ్ళో పెట్టుకున్నాను. రెండు స్టాపులు దాటాక దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదే. దగ్గి దగ్గి ఊపిరి లోపలికి తీసుకోబోతే కూత వస్తుంది. నా సంగతి నీకు తెలుసు కదా, మీ గది తలుపులోంచి నేను పక్కకి తిరిగి దూరాలి. అలాంటి దాన్ని పట్టుకుని సీటు మీద వంగబెట్టేసింది. డ్రైవరు బస్సు ఆపాడు. కండక్టరు నీళ్ళిస్తే తాగలేకపోయాను. దిగిపోయి, రోడ్డు పక్క కూర్చుని, అక్కణ్ణుంచి వెనక్కి వచ్చేశాను. డాక్టరు చూసి కోరింత దగ్గు అన్నాడు. ఇక్కడి పిల్లల్లో కొందరిదీ అదే. అందరం మందులు మింగుతున్నాం, తగ్గుముఖం పడుతున్నాం. కంగారు పడకు.

నీకు చెప్పకూడదనుకున్నాను. పచ్చి బాలింతవి, హడలిపోతావని. కానీ నాలుగు రోజులుగా ఈ గోడ వంక చూస్తూ ఒక్కటే ఆలోచిస్తున్నాను. దగ్గు ఒక్క రోజు ఆలస్యంగా మొదలై ఉంటే నేను మీ ఇంట్లో ఉండేదాన్ని. మెట్లెక్కి రాగానే ఏం చేసేదాన్నో నీకు రాశాను కూడా. వాడి మెడ ఒంపులో ముఖం పెట్టేదాన్ని. అది తలుచుకుంటే దగ్గు రాకపోయినా నాకు ఊపిరి ఆగుతోంది. ఇంత మనిషినే వంచేసిన దగ్గు, చిటికెడుగాణ్ణి ఏం చేస్తుంది? మీరు వాయిదా వేస్తున్న ఆ ఆరు వారాల సూదుల్లోనే ఈ దగ్గుకి టీకా ఉందట, మా డాక్టరు చెప్పాడు.

వాడు నెలన్నర ముందు వచ్చాడు. వచ్చిన రోజునుంచీ మనం పీల్చే గాలే పీలుస్తున్నాడు. దగ్గు మీ ఉయ్యాల మీద గడియారం చూసి, అయ్యో ఇంకా పుట్టలేదా అని తిరిగి వెళ్ళిపోదు. ఇది నీ మీద కోపంతో అంటున్న మాట కాదు. ఆ తొడ నేను చూసి ఉంటే నేనూ అదే అనేదాన్నేమో.

రేపే మీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి. లెక్క ఏ రోజునుంచో ఆవిణ్ణే అడగండి. ఆగమంటే ఆగండి, నేను చెంపలేసుకుంటాను. అంతేగానీ అడగకుండా ఆగకండి.

ఆ లెక్క నీదని నాకెలా తెలిసిందని అడుగుతావా? నా తమ్ముడు చెప్పాడనుకోకు. సరే, వాడే చెప్పాడు. ఆ వెర్రిబాగులవాణ్ణి ఏమీ అనకు.

నీ వదిన

*

గడియారాల కొట్టు పైన, కాదు, ఆకాశం మీద!
మధ్యాహ్నం, వాడు నా ఒళ్ళోనే.

వదినా, వదినా,

అయిపోయింది! వేయించేశాం! ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, మొదట్నుంచీ చెబుతాను.

మీ ఉత్తరం చదివి నేల మీద కూర్చుండిపోయాను. మీరు అంత దగ్గుతో రోడ్డు పక్కన ఒక్కరే కూర్చుంటే, నేనిక్కడ గలీబు గురించి దెప్పిపొడుస్తూ రాశాను. ఆయనా చదివారు. కింద పేరా దాకా వచ్చేసరికి దొంగకి తేలు కుట్టినట్టు గడియారం తుడవడం మొదలుపెట్టారు. మీరు వద్దన్నారని నేనేమీ అనలేదు లెండి. అవును వదినా, ఆ లెక్క నాదే. ఆయన నవ్వులాటకి ఆపిన గడియారాన్ని నేను తలుపులా వాడుకున్నాను, వెనక దాక్కోవడానికి.

మర్నాడే బయల్దేరాం. ఆ మర్నాడు ఏ రోజో తెలుసా? నవ్వకండి. గడియారం నడిపించాల్సిన రోజు! వీడు నెలన్నర ముందు వచ్చాడు కదా, అంటే వీడికి ఆరు వారాలు నిండటం, డాక్టర్లు మొదట చెప్పిన కాన్పు తేదీ రావడం ఒకే రోజు. ఇన్నాళ్ళూ మా ఇద్దరికీ ఈ కూడిక తట్టలేదు. ఒకరు గడియారాలు బాగుచేసేవారు, ఇంకొకరు కొలతలు తీసేవారు, చెప్పుకుంటే సిగ్గు.

టీకాల గది ముందు వరసలో కూర్చున్నాం. నర్సు వచ్చి "బాబు వయసెంత?" అంది. నేను "ఆరు వారాలు" అన్నాను. అదే క్షణంలో మీ తమ్ముడు అలవాటు కొద్దీ "ఇవాళే పుట్టాడండీ" అనేశారు. నర్సు ఆయన వంక చూసి, నా వంక చూసి, వాడి వంక చూసి, "అయితే నెలన్నర నుంచీ మీ ఇంట్లో పాలు తాగుతున్నదెవరు?" అంది. వరసంతా గొల్లుమంది. ఒక తాతగారైతే మనవణ్ణి పక్కన పెట్టి మరీ నవ్వారు.

డాక్టరమ్మ మాత్రం నవ్వకుండా అంతా విన్నారు. నేనే చెప్పాను, గడియారం సంగతి, నా భయం సంగతి. "నెలలు నిండకుండా పుట్టినా టీకాలకి పుట్టినరోజు నుంచే లెక్కమ్మా. కడుపులో ఉండాల్సిన రోజులు తీసెయ్యం. అసలు ముందొచ్చిన పిల్లలకే ఇలాంటి దగ్గులు గట్టిగా తగులుతాయి. ఆగాల్సిన కారణం ఏదైనా ఉంటే మేమే చెబుతాం. మీవాడు బాగున్నాడు, ఇవాళే వేద్దాం" అన్నారు. ఒక్కసారితో అయిపోదని, తర్వాతి విడతలు కూడా తప్పకూడదని మరీ మరీ చెప్పారు.

నేను పట్టుకోలేనన్నాను. మీ తమ్ముడు చేతులు చాచారు. అంతలోనే వెనక్కి లాక్కుని జేబుల్లో పెట్టేసుకున్నారు. అంత సన్న స్ప్రింగులు పట్టుకునే చేతులు! అది చూసి నేనే గట్టిగా పొదివి పట్టుకున్నాను. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, "కానివ్వండి" అన్నాను. "అయిపోయిందమ్మా, కళ్ళు తెరువు" అంది నర్సు. రెండు తొడలకీ వేసేసింది, నోట్లో చుక్కలు కూడా పోసేసింది! అప్పుడందుకున్నాడు మీ మేనల్లుడు. ఆ కేకకి బయట వరసలో పిల్లలందరూ వంత పాడారు. నేను రొమ్ముకి హత్తుకోగానే రాగం మధ్యలో ఆపేసి, ఏమీ జరగనట్టు పాలు తాగాడు. నేను మాత్రం ఏడుస్తూనే ఉన్నాను వదినా, ఎందుకో తెలియదు, సంతోషమే అయ్యుంటుంది.

ఇంతలో డాక్టరమ్మ, "చుట్టూ ఉండే పెద్దవాళ్ళు కూడా ఈ దగ్గుకి టీకా వేయించుకుంటే వాడికి మంచిది. మీరు ఎప్పుడైనా వేయించుకున్నారా?" అని మీ తమ్ముణ్ణి అడిగారు. ఆయన "కొట్లో ఎవరో ఎదురుచూస్తుంటారండీ" అని లేచారు. నర్సు గుమ్మానికి అడ్డం నిలబడింది. చొక్కా చెయ్యి మడిచారు. నేను చూస్తుండగానే గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందకి జారిపోయారు. అప్పటికి సూది ఇంకా నర్సు చేతిలోకి కూడా రాలేదు! లేపి, నీళ్ళు చల్లి, నేల మీద కూర్చోబెట్టే వేసింది. నేనూ వేయించుకున్నాను, ఆయన చెయ్యి పట్టుకుని.

సాయంత్రం వాడి ఒళ్ళు కాస్త వెచ్చబడింది. అలా అవుతుందని, ఏం చెయ్యాలో డాక్టరమ్మ ముందే చెప్పారు. అయినా నా చెయ్యి వాడి నుదుటి మీదనుంచి తియ్యలేదు. తెల్లారేసరికి చల్లబడి, నా చీర తడిపి, కాళ్ళు గాల్లో తొక్కుతున్నాడు. ఆ బొటనవేలంత తొడలే వదినా!

గడియారం నడుస్తోంది. ఇంటికి రాగానే మీ తమ్ముడు కుర్చీ ఎక్కి లోలకం కదిలించారు. తర్వాత కిందకి దిగి వీధిలో అందరికీ "మాకు మగపిల్లాడు పుట్టాడండీ" అని చెప్పొచ్చారు. ఎదుటి చెప్పుల కొట్టాయన, "మాకు తెలుసు బాబూ, ఆస్పత్రినుంచి తెచ్చిన రోజు నుంచీ వింటున్నాం" అన్నాడట.

మీరు మందులన్నీ మింగండి. మీ డాక్టరు సరే అన్నాకే రండి, ఒక్క రోజు ముందు వచ్చినా గుమ్మంలో నిలబెడతాను. కానీ రెండో విడతకి వాణ్ణి పట్టుకోవాల్సింది మాత్రం మీరే. నా వంతు అయిపోయింది.

మీ మరదలు

*

మీ వంటింట్లో, బల్ల మీద.
మధ్యాహ్నం, ఎడమ చేత్తో.

మరదలు పిల్లా,

అక్షరాలు వంకరగా ఉంటే తిట్టుకోకు. కుడి చెయ్యి ఖాళీ లేదు, దాని మీద నీ కొడుకు పడుకున్నాడు. నువ్వు మిషన్ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నావు. నీ మొగుడు కింద కొట్లో, వచ్చినాయన గడియారం చేతిలో పట్టుకుని కూర్చుని మరీ గురక పెడుతున్నాడు. పిలిస్తే వీడు లేస్తాడు. అందుకని మన పాత పద్ధతే, కాగితం.

నిన్న టీకాల గదిలో నేను చేసిన నిర్వాకం హాస్టల్‌కి తెలియనివ్వకు. వంద మందిని గద్దించే దాన్ని, వాడికి సూది పడగానే వాడికంటే ముందు నేనే బావురుమన్నానని తెలిస్తే, నా మాట ఇక ఒక్క పిల్ల వినదు. వాడు ఏడుపు ఆపేశాక కూడా నేను ఆపలేదని ఆ నర్సు నాకు కూడా మిఠాయి బిళ్ళ ఇచ్చింది. తిన్నాను.

మేజోళ్ళలో పిల్లి పాదానిది వాడికి సరిగ్గా పట్టింది. టోపీ అంతది దాచి ఉంచు, స్కూలుకెళ్ళేటప్పుడు పనికొస్తుంది.

మెట్లెక్కి వచ్చిన రోజు నువ్వు గుమ్మంలో నిలబెట్టి, డాక్టరు ఏమన్నాడు, మందులు ఎప్పుడు అయిపోయాయి అని పోలీసులా అడిగావు చూడు, అప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మా డాక్టరు రాసిచ్చిన చీటీ చదివి, చేతులు కడుక్కోమని, అప్పుడు వాణ్ణి నా చేతుల్లో పెట్టావు. మెడ ఒంపులో పాల వాసన. ఆ బస్సు దిగి రోడ్డు పక్క కూర్చున్నప్పుడు, ఈ వాసన నాకు దక్కుతుందో లేదోనని ఏడ్చానే. దక్కింది.

ఇక అసలు సంగతి. రేపటితో నా సెలవు అయిపోతుంది. సంచి సర్దుదామని లేచాను. వీడు నిద్రలో నా వేలు పట్టుకున్నాడు. మళ్ళీ కూర్చున్నాను.

కాసేపట్లో మీ ఆయన లేచి పైకొచ్చి, ఉయ్యాల మీద గడియారం ఆగిపోయిందని గుండెలు బాదుకుంటాడు. విడదీసి బల్ల మీద పరవకముందే చెప్పు, అది చెడిపోలేదు. నేనే కుర్చీ ఎక్కి ఆపాను. చిన్నప్పట్నుంచీ వాడి గడియారాల సంగతి చూసుకునేది నేనేగా. ఈ ఇంటి న్యాయం మీరు పెట్టిందే కదా? ఆ గడియారం నడవనంతకాలం వచ్చినవాళ్ళు వచ్చినట్టు కాదు. హాస్టల్ నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే, బీరువాలోంచి తీసి, నీ మొగుడు కొట్లో చెప్పినట్టే చెప్పు. మా వదిన వచ్చాక చెప్తానండీ అను.

ఇట్లు,
లెక్క ప్రకారం ఇంకా రాని
మీ వదిన